లెటర్‌హెడ్ ఇచ్చే ముందు
జయపురం విక్రమ్‌దేవ్ విశ్వవిద్యాలయం ఉపకులపతి గారికి బహిరంగ లేఖ

ఉపకులపతి గారికి,



ఇకమీదట మీ రిజిస్ట్రారు ఆఫీసుకు ఒక రకం ఫోన్లు తరచుగా వస్తాయి. అవతలి మనిషి భువనేశ్వర్ నుంచో, హైదరాబాదు నుంచో, గురుగ్రామ్ నుంచో మాట్లాడతాడు. “కోరాపుట్, రాయగడ జిల్లాలకు పెద్ద సర్వే టెండరు పడిందండీ. మీ యూనివర్సిటీతో కలిసి వేద్దామనుకుంటున్నాం. ఇద్దరు ప్రొఫెసర్ల బయోడేటాలు, మీ లెటర్‌హెడ్ మీద ఒక అంగీకార పత్రం పంపితే చాలు, మిగతాదంతా మేం చూసుకుంటాం. కాకపోతే ఎల్లుండి సాయంత్రం అయిదింటికి పోర్టల్ మూసేస్తారు” అంటాడు. మాట మర్యాదగానే ఉంటుంది. పని కూడా మంచిదే అయివుంటుంది. తాగునీరు, చిరుధాన్యాలు, అటవీ హక్కుల పట్టాలు, బడి మానేసిన పిల్లలు, ఇలాంటిదేదో ఒకటి. ఆ ఫోనుకు ఏం జవాబివ్వాలో ఇప్పుడే, తీరికున్నప్పుడే తేల్చుకోమని కోరడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను రాయగడ వాణ్ణి. కాంట్రాక్టర్లకూ స్వచ్ఛంద సంస్థలకూ టెండరు కాగితాలు తయారుచేయడం నా వృత్తి. విశ్వవిద్యాలయాల పేర్లు ఆ కాగితాల్లోకి ఎలా వస్తాయో, పని దొరికాక ఎలా జారిపోతాయో దగ్గరగా చూస్తుంటాను. మీకు చెప్పగలిగిందేదైనా ఉంటే అది ఆ అనుభవం నుంచి వచ్చిందే.

ముందుగా వాళ్ళకు మీ అవసరం ఎందుకో చెప్పాలి. రోడ్డు వేసే టెండరయితే అందరికంటే తక్కువ ధర రాసినవాడికి పోతుంది. అధ్యయనం, మూల్యాంకనం, ప్రణాళిక తయారీ వంటి పనులు చాలావరకు అలా పోవు. నాణ్యతకు ఇన్ని మార్కులు, ధరకు ఇన్ని అని విడదీస్తారు. డెబ్బయి, ముప్ఫయి చొప్పున పంచడం ఎక్కువగా కనిపిస్తుంది. ఆ డెబ్బయిలో పెద్ద భాగం మనుషులది. బృందానికి నాయకుడెవరు, ఆయన ఏం చదివాడు, గిరిజన ప్రాంతాల్లో ఎన్నేళ్ళు పనిచేశాడు, ఏం ప్రచురించాడు అని చూస్తారు. ఇక్కడి కుయి, కువి, దేశియా భాషలు తెలిసిన మానవశాస్త్ర అధ్యాపకుడి బయోడేటా ఒక్కటి పెడితే, ధరలో వెనకబడిన కంపెనీ కూడా ముందుకొస్తుంది. కంపెనీ దగ్గర టర్నోవరు ఉంటుంది, బయానా కట్టే డబ్బు ఉంటుంది, కంప్యూటర్ల ముందు కూర్చునే కుర్రాళ్ళు ఉంటారు. లేనిదల్లా ఆ మనిషి, ఆ పేరు. అంటే మీరు ఇచ్చేది ఒక కాగితం కాదు. ఆ బిడ్ గెలవడానికి కావలసిన మార్కులు.

గెలిచాక జరిగేది ఇంకోరకంగా ఉంటుంది. పని అప్పగిస్తూ వచ్చే ఉత్తరం కంపెనీ పేరున వస్తుంది, ఎందుకంటే బిడ్డులో ప్రధాన సభ్యుడు అదే. ప్రొఫెసరు గారికి రెండు నెలలపాటు ఏ కబురూ ఉండదు. ఈలోగా తాత్కాలికంగా తీసుకున్న కుర్రాళ్ళు ట్యాబులు పట్టుకుని బిస్సమ్‌కటక్ వైపో నారాయణపట్నం వైపో వెళ్ళి, ఒడియాలో అచ్చేసిన ప్రశ్నలు కువి మాట్లాడే ఆడవాళ్ళను అడిగి, తలూపితే ‘అవును’ అని నొక్కి వచ్చేస్తారు. నివేదిక ముసాయిదా ప్రొఫెసరు గారికి శుక్రవారం రాత్రి వస్తుంది, సోమవారంలోగా అభిప్రాయం చెప్పమంటారు. అచ్చయిన నివేదిక మొదటి పేజీలో మాత్రం మీ ముద్ర ఉంటుంది. అందులో తప్పుంటే ఊరివాళ్ళు వేలు చూపించేది ఆ ముద్రకే. ఆ కంపెనీ పేరు వాళ్ళకు తెలియదు.

ఇదంతా దుర్మార్గం వల్లే జరుగుతుందని నేను అనడం లేదు. ఎక్కువసార్లు, ముందే మాట్లాడుకోకపోవడం వల్ల జరుగుతుంది. ఉమ్మడి ప్రతిపాదన పెట్టేముందు ఇరుపక్షాలూ రాసుకునే కాగితాన్ని అమెరికాలో టీమింగ్ అగ్రిమెంట్ అంటారు, మనం పొత్తు ఒప్పందం అనుకుందాం. మన దగ్గర దాని స్థానంలో ఎంఓయూ అనే రెండు పేజీల కాగితం నడుస్తోంది. పరస్పర సహకారం, ఉమ్మడి ఆసక్తి, జ్ఞాన వినిమయం అన్న మాటలతో అది నిండిపోయి ఉంటుంది. ఎవరు ఏం చేస్తారో, ఎంత తీసుకుంటారో ఒక్క ముక్క ఉండదు. ఫొటోలో శాలువాలు కనిపిస్తాయి.

అలాంటి కాగితం కోర్టులో నిలవదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 29వ సెక్షను, అర్థం నిశ్చయంగా తేలని ఒప్పందాలు చెల్లవని అంటుంది. చట్టమే ఉదాహరణ ఇస్తుంది: ‘వంద టన్నుల నూనె అమ్ముతాను’ అని ఒప్పుకుని ఏ నూనో చెప్పకపోతే అది చెల్లని ఒప్పందం. ‘తరవాత ఒప్పందం చేసుకుంటాం’ అన్న ఒప్పందం వల్ల ఎవరికీ హక్కు పుట్టదని మన సుప్రీంకోర్టు కూడా చెప్పింది. అమెరికాలో దీన్ని నేర్చుకోవడానికి సైబర్‌లాక్ అనే చిన్న సంస్థ పెద్ద మూల్యమే చెల్లించింది. ఇన్ఫర్మేషన్ ఎక్స్‌పర్ట్స్ అనే కంపెనీతో కలిసి వాళ్ళు అక్కడి కేంద్ర ప్రభుత్వ సిబ్బంది వ్యవహారాల కార్యాలయం పనికి ప్రతిపాదన పెట్టారు. గెలిస్తే 49 శాతం పని సైబర్‌లాక్‌ది అని స్పష్టంగా రాసుకున్నారు. గెలిచారు. కానీ ఉపకాంట్రాక్టు షరతులు తరవాత మాట్లాడుకుందామని ఆ కాగితంలోనే ఉంది. ఆ మాటలు కుదరలేదు, పని దక్కలేదు. వర్జీనియాలోని ఫెడరల్ కోర్టు 2013లో ఆ ఒప్పందం అమలుకు నిలవదని తీర్పు చెప్పింది, 2014లో అప్పీలు కోర్టు దాన్నే ఖాయం చేసింది. అంకె వేసి రాసుకున్నవాళ్ళ గతే అది. అంకె కూడా లేని మన ఎంఓయూల సంగతి వేరే చెప్పాలా?

పొలాన్ని పాలికి ఇచ్చే రైతు కూడా విత్తనం ఎవరిది, ఎరువు ఎవరిది, చివరికి గడ్డి ఎవరిది అన్నంతవరకు దుక్కికి ముందే మాట్లాడుకుంటాడు. మీరు ఆపాటి మాట్లాడుకుంటే చాలు. ఏం రాసుకోవాలన్నది నాకు తోచినంతవరకు చెబుతాను.

పని వాటా శాతాల్లో కాకుండా పనుల్లోనే రాయించండి. ‘30 శాతం విశ్వవిద్యాలయానిది’ అంటే ఏమీ తేలదు. ప్రశ్నావళి తయారీ, కువిలోకి దాని అనువాదం, ఊళ్ళ ఎంపిక, సర్వే చేసేవాళ్ళకు శిక్షణ, చివరి నివేదికలో ఫలానా అధ్యాయాలు విశ్వవిద్యాలయానివి అని ఉండాలి. బిడ్డులో పేరు పెట్టిన అధ్యాపకుడిని మార్చాలంటే మీ రాతపూర్వక అనుమతి కావాలి. ఆయన ఎన్ని రోజులు పనిచేస్తారో, ఆ రోజులకు తరగతులు ఎవరు చెబుతారో కూడా తేలాలి. ఉపకాంట్రాక్టు ముసాయిదా మొత్తాన్ని పొత్తు ఒప్పందానికి అనుబంధంగా అప్పుడే జతచేయండి. గెలిచిన రోజున తేదీ వేసి సంతకం పెట్టడమే మిగలాలి, కొత్తగా బేరం మొదలుకాకూడదు. సైబర్‌లాక్ కాగితంలో లేనిది సరిగ్గా ఇదే.

డబ్బు గురించి రెండే మాటలు. ప్రభుత్వం కంపెనీకి చెల్లించాకే కంపెనీ మీకు చెల్లిస్తుందన్న షరతు దాదాపు ప్రతి ముసాయిదాలోనూ ఉంటుంది. దానికి గడువు పెట్టించండి, లేకపోతే సర్వే చేసిన విద్యార్థుల భత్యాలు ఏళ్ళ తరబడి తేలవు. రెండోది పన్ను. 2024 సెప్టెంబరులో జీఎస్టీ కౌన్సిల్ విశ్వవిద్యాలయాలకు వచ్చే పరిశోధన గ్రాంట్లకు మినహాయింపు సిఫారసు చేసింది. కన్సల్టెన్సీ బిల్లు గ్రాంటు కాదు, దానికి 18 శాతం పడుతుంది. ఆ తేడా ఎవరు భరిస్తారో ధర వేసేముందే రాసుకోవాలి.

ఇంతకంటే బరువైన విషయం సమాచారం. ఊరూరా సేకరించింది ఎవరిది? కంపెనీలు పంపే ముసాయిదాల్లో సాధారణంగా ఒక వాక్యం ఉంటుంది: ఈ పనిలో పుట్టిన సమస్తమూ ప్రధాన సభ్యుడి సొత్తు, అనుమతి లేకుండా ప్రచురించకూడదు. వేరేచోట అయితే ఇది మామూలు షరతే. కోరాపుట్‌లో కాదు. ఇక్కడి సంప్రదాయ వ్యవసాయాన్ని ప్రపంచ ప్రాముఖ్యమున్న వ్యవసాయ వారసత్వంగా ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2012లో గుర్తించింది. ఆ వారసత్వం గొడౌన్లలో లేదు, మనుషుల చేతుల్లో ఉంది. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ జయపురం కేంద్రం ఏళ్ళ తరబడి చేసింది ఆ చేతులు పట్టుకుని నడవడమే. పాత్రపుట్ గ్రామానికి చెందిన కమలా పూజారి గారు అక్షరం చదువుకోకుండానే నాటు వరి విత్తనాలను కాపాడి 2019లో పద్మశ్రీ అందుకున్నారు, 2024 జులైలో కన్నుమూశారు. కోరాపుట్ కాలాజీరా బియ్యానికి భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు, దానికోసం దరఖాస్తు చేసింది ఈ జిల్లా రైతు ఉత్పత్తిదారుల సంస్థే. బయటి కంపెనీ కాదు.

ఇప్పుడొక సర్వే ఊహించండి. ఏ ఇంట్లో ఏ విత్తనముంది, ఏ మూలికను ఏ జబ్బుకు వాడతారు, ఏ గుట్ట మీద ఏ దుంప దొరుకుతుంది అన్నదంతా ఒక బహుళజాతి కంపెనీ సర్వరులోకి వెళ్ళింది, విశ్వవిద్యాలయం దాన్ని తన విద్యార్థులకు కూడా చూపించలేని షరతుకు సంతకం పెట్టింది. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం పంచాయతీ స్థాయిలో జీవవైవిధ్య నిర్వహణ కమిటీలు, ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్లు ఉన్నాయి. మన జీవవనరుల ఆధారంగా మేధోహక్కులు కోరేవాళ్ళు జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ దగ్గరకు వెళ్ళాలి. పొత్తు ఒప్పందంలో ఈ చట్టం పేరు లేకపోతే ఆ బాధ్యత ఎవరిదో తెలియకుండా పోతుంది. కాబట్టి మూడు విషయాల్లో మీరు వెనక్కి తగ్గకూడదు. సేకరించిన మూల సమాచారం నకలు విశ్వవిద్యాలయం దగ్గర ఉండాలి. వ్యక్తుల వివరాలు తీసేశాక ప్రచురించే హక్కు అధ్యాపకులకూ పరిశోధక విద్యార్థులకూ ఉండాలి, కంపెనీకి చూసుకోవడానికి ఒక నెల ఇస్తే చాలు. ఆ ఊరి జ్ఞానం మీద ఏ పక్షమూ హక్కు కోరదని, ఊరికి దాని భాషలో ఫలితాలు తిరిగి చెబుతామని రాతలో ఉండాలి. ఈ మూడూ ఒప్పుకోని కంపెనీతో పొత్తు వద్దు. మార్కులు ఇంకొకరి దగ్గర వెతుక్కోమనండి.

ఇద్దరు సంతకం పెడితే సరిపోదన్న సంగతి రాయగడ జిల్లాకు తెలిసినంతగా దేశంలో ఇంకెవరికీ తెలియదేమో. నియమగిరి బాక్సైట్ కోసం ప్రభుత్వరంగ ఒడిశా మైనింగ్ కార్పొరేషన్ 2004లో వేదాంత గ్రూపుతో ఉమ్మడి కంపెనీ ఒప్పందం చేసుకుంది. న్యాయనిపుణులు రాసిన కాగితమే అది, వాటాలూ స్పష్టంగా ఉన్నాయి. కొండ మీది డోంగ్రియా కొంధులు మాత్రం అందులో ఎక్కడా లేరు. 2010 ఆగస్టులో కేంద్రం అటవీ అనుమతి నిరాకరించింది. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు, గ్రామసభలే తేల్చాలంది. ఆ వేసవి దాటాక రాయగడ జిల్లాలో ఏడు, కలహండి జిల్లాలో అయిదు, మొత్తం పన్నెండు గ్రామసభలు కూర్చుని, పన్నెండూ వద్దన్నాయి. తొమ్మిదేళ్ళ ఒప్పందం కొన్ని వారాల్లో పక్కకుపోయింది. మీరు చేయబోయేవి గనుల ఒప్పందాలు కాకపోవచ్చు. కానీ కోరాపుట్, రాయగడ రెండూ పూర్తిగా రాజ్యాంగం అయిదో షెడ్యూలు కిందికి వచ్చే జిల్లాలే. సర్వేకైనా సరే, ఊరి సభ అయిన పల్లిసభకు ముందు చెప్పి, వాళ్ళు ఒప్పుకున్నాకే ఊళ్ళో అడుగుపెడతామన్న షరతు, దానికి పట్టే కాలం, ఖర్చు ప్రతిపాదనలోనే ఉండాలి. లేకపోతే గడువు తరుముతున్న కాంట్రాక్టరు ఆ మెట్టు దాటేస్తాడు, నింద మీ మీదికొస్తుంది.

ఇక్కడే ఇంకో మాట నిక్కచ్చిగా చెప్పాలి. సిజిమాలి, కుట్రుమాలి, మాలిపర్వతం అనే బాక్సైట్ కొండల పేర్లు మన రెండు జిల్లాల్లో రోజూ వినిపిస్తున్నాయి. రాయపూర్–విశాఖ కొత్త రహదారి కోరాపుట్ మీదుగానే వస్తోంది. భూసేకరణకు 2013 చట్టం ప్రకారం సామాజిక ప్రభావ అధ్యయనం జరగాలి. కాలం గడిచేకొద్దీ అలాంటి పనులు మీ దగ్గరికే వస్తాయి, రావాలి కూడా, ఎందుకంటే ఈ నేల గురించి తెలిసినవాళ్ళు మీ దగ్గరే ఉంటారు. కానీ నిర్మాణం చేసే కంపెనీతోనో, దాని అనుబంధ సంస్థతోనో ఒక పనిలో పొత్తు ఉండగా, అదే కంపెనీ పని వల్ల జనానికి జరిగే నష్టాన్ని లెక్కగట్టే పని మీరు తీసుకోకూడదు. కేంద్రప్రభుత్వ 2017 ఆర్థిక నిబంధనల్లో 175వది, ప్రయోజనాల ఘర్షణ ఉంటే బిడ్ వేసేవాళ్ళు ముందే చెప్పాలంటుంది. నా అభ్యర్థన దానికంటే గట్టిది. చెప్పి ఊరుకోవద్దు, రెండింట్లో ఒకటి వదులుకోండి. ఏ కంపెనీతో ఏ పొత్తు నడుస్తోందో అందరికీ కనిపించేలా మీ వెబ్‌సైటులో పెట్టండి. సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షను ఎవరూ అడగకుండానే వివరాలు బయటపెట్టమంటుంది. ధరల పట్టిక వరకు గోప్యం అనుకున్నా, పని ఏమిటి, వాటా ఏమిటి, సమాచారం ఎవరిది అన్నవి దాచవలసినవి కావు.

మంచి ఉదాహరణలు మనకు దూరంగా లేవు. 2017లో ఒడిశా మిల్లెట్స్ మిషన్ ఏడు జిల్లాల్లో 30 బ్లాకులతో మొదలైంది, వాటిలో కోరాపుట్, రాయగడ ఉన్నాయి. దానికి పునాది మూడు పక్షాల ఒప్పందం. ఒక పక్క వ్యవసాయ శాఖ, ఇంకో పక్క భువనేశ్వర్‌లోని నవకృష్ణ చౌధురి అభివృద్ధి అధ్యయన కేంద్రం, మూడో పక్క హైదరాబాదుకు చెందిన వాసన్ సంస్థ. పాలన, నిధులు ప్రభుత్వానివి. పరిశోధన అధ్యయన కేంద్రానిది. క్షేత్రంలో కార్యక్రమాన్ని నడిపించే సచివాలయం వాసన్‌ది. ఎవరి పని వారిదని మొదటే తేలింది గనుక, చోళ్ళ కొనుగోలు కేంద్రం దగ్గర ఇబ్బంది వస్తే రైతు ఎవరిని అడగాలో తెలిసింది. ఆ మిషన్‌లో లోపాలు లేవని కాదు. కానీ పేరు ఒకరిది, పని ఒకరిది అన్న ఫిర్యాదు దానిమీద నేను వినలేదు. మూడు పక్షాల్లో ఏ ఒక్కటీ ఇంకోదాని లెటర్‌హెడ్ కోసం రాలేదు.

మీ విశ్వవిద్యాలయానికి పేరిచ్చిన విక్రమదేవ వర్మ గారి గురించి తెలుగువాళ్ళుగా మాకు ఒక సంగతి గుర్తుంటుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఆయన ఏటా లక్ష రూపాయలు ఇచ్చారు. వాల్తేరులో సైన్సు, టెక్నాలజీ కళాశాలకు జయపురం విక్రమదేవ్ పేరు అందుకే వచ్చింది. 1930లలో లక్షంటే ఎంతో ఈనాటి లెక్కల్లో చెప్పడం కష్టం. తెలుగులోనూ ఒడియాలోనూ రాసిన ఆ రాజు, సైన్సు చదువుకు డబ్బిచ్చాడు. ఆ పేరున్న లెటర్‌హెడ్‌ను ఎల్లుండి సాయంత్రంలోగా మెయిల్ చేయమని అడిగేవాళ్ళకు దాని వెల తెలియకపోతే, మీరు చెప్పాలి.

ఈ షరతుల సంగతి ఇప్పుడే తేల్చుకోమనడానికి కారణం ఉంది. ప్రకటన పడ్డాక బిడ్ వేయడానికి ప్రభుత్వ నిబంధనలు మామూలుగా ఇచ్చే కనీస గడువు మూడు వారాలు. అందులో మొదటి రెండు కంపెనీ తన లెక్కల్లో గడిపేస్తుంది, మీకు కబురు వచ్చేది మూడో వారంలో. అప్పుడు న్యాయ సలహాదారుడిని పిలిచి, సిండికేటు ముందు పెట్టి, షరతులు రాయడం అయ్యే పని కాదు. అందుకే నమూనా ఒప్పందం ఒకటి ముందే తయారై ఉండాలి. సిండికేటు ఒకసారి ఆమోదించాలి. ఏ కంపెనీ ఫోను చేసినా రిజిస్ట్రారు ఆఫీసు నుంచి మొదట వెళ్ళేది ఆ నమూనా కావాలి, బయోడేటాలు దాని మీద సంతకం వచ్చాకే వెళ్ళాలి. సునాబేడలోని ఒడిశా కేంద్రీయ విశ్వవిద్యాలయం, గుణుపురంలోని జీఐఈటీ విశ్వవిద్యాలయం కూడా ఇవే షరతులు పెట్టుకుంటే, ఒకచోట కాదంటే ఇంకోచోటికి పోయే వీలు కాంట్రాక్టరుకు ఉండదు. ఆ రెండింటి ఉపకులపతులతో మీరే మాట్లాడాలి. మూడింటిలోనూ కొత్తది మీదే అయినా, ఈ జిల్లాల ప్రభుత్వ కాలేజీల పిల్లలు ఎక్కువగా చేరేది మీ దగ్గరే.

నమూనా రాయడానికి కూర్చునే కమిటీలో న్యాయశాస్త్రం తెలిసినవాళ్ళతోపాటు, కనీసం ఒక పల్లిసభ నుంచి వచ్చిన మనిషినీ, ఇదివరకు సర్వేలకు వెళ్ళి భత్యం అందని ఒక పరిశోధక విద్యార్థినీ కూర్చోబెట్టండి. టెండరు కాగితాల భాష తెలిసినవాణ్ణి కావాలంటే రాయగడ నుంచి నేను వస్తాను. నాకు రుసుము అక్కర్లేదు.

ఇట్లు,
మీ విధేయుడు,
రాయగడ వాసి